మేడ మీద గ్యాస్ గ్రిల్: మీరడిగినవి, మేం చెప్పేవి

పోయిన నెల ఇదే పేజీలో "గ్యాస్ గ్రిల్ ఉన్నవాళ్ళు డౌట్లుంటే రాయండి" అని ఒక్క లైను వేశాం, ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఎక్కువమంది అడిగింది ఒకటే, ముక్కలు కాల్చే జాలీ తళతళా మెరవాలంటే ఏం వాడాలి అని. జాలీ మురిగ్గా ఉంటే మహా అయితే కోడిముక్క అతుక్కుంటుందండీ, అసలు తంటా అంతా దాని కింద ఉంటుంది, బర్నర్ గొట్టాల్లో, జిడ్డు ట్రేలో, రబ్బరు పైపులో. అందుకని ఈసారి ఆ కింద సంగతులు అడిగిన ఉత్తరాలే ముందు తీసుకున్నాం, మెరుపు సంగతి కూడా మధ్యలో వస్తుంది, కంగారు పడొద్దు.

ప్రశ్న: అన్నయ్యా, మా మేడ మీద మూడు బర్నర్ల గ్రిల్ ఉంది. వానాకాలమంతా కవరు కప్పి వదిలేశాం. మొన్న ఆదివారం తీసి వెలిగిస్తే రెండు బర్నర్లు బానే వెలిగాయి, మూడోది మాత్రం పసుపు మంట, అదీ సగం వరకే. ఇంకోసారి వెలిగిస్తే ధబ్‌మని శబ్దం వచ్చి నాబ్ వెనకాల మంట కనిపించింది. మా వారేమో గ్యాస్ అయిపోవచ్చింది అంటున్నారు. నాకు భయమేసి ఆపేశాను.
(ఒక గృహిణి, పటమట, విజయవాడ)

జవాబు: ఆపేసి చాలా మంచి పని చేశారమ్మా. గ్యాస్ అయిపోవస్తే మూడు బర్నర్లూ నీరసంగా వెలుగుతాయి, ఒక్కటే మొరాయిస్తోందంటే తేడా ఆ ఒక్క గొట్టంలోనే ఉన్నట్టు. నూటికి తొంభై పాళ్ళు లోపల సాలీడు గూడు కట్టి ఉంటుంది, లేదా మట్టిగూడు పెట్టే కందిరీగ దూరి ఉంటుంది.

నవ్వులాట కాదండీ ఇది. గ్యాస్ వాసన తగిలే సన్నటి గొట్టాలంటే కొన్ని రకాల సాలీళ్ళకి ఎందుకో మహా ఇష్టం. 2011లో ఉత్తర అమెరికాలో మజ్దా కంపెనీ 65 వేల దాకా కార్లని వెనక్కి పిలిపించింది, కారణం ఏంటంటే పెట్రోలు ట్యాంకు గాలిగొట్టంలో ఒక జాతి సాలీడు గూళ్ళు పెట్టడం. అంత పెద్ద కార్ల కంపెనీనే ముప్పుతిప్పలు పెట్టిన పురుగుకి మన మేడ మీద గ్రిల్ ఒక లెక్కా.

జరిగేదేంటంటే, నాబ్ వెనకాల చిన్న ఇత్తడి జెట్ ఉంటుంది, దాంట్లోంచి గ్యాస్ జివ్వున బర్నర్ గొట్టంలోకి దూకుతూ గొట్టం పక్కనుండే చిన్న కన్నంలోంచి గాలిని కూడా లాక్కుపోతుంది, ఆ రెండూ లోపల కలిసి పైన హోల్స్ దగ్గర నీలంగా మండుతాయి. మధ్యలో గూడు అడ్డం పడితే గాలి సరిగ్గా కలవదు, మంట పసుపెక్కుతుంది, ముందుకెళ్ళే దారిలేని గ్యాస్ వెనక్కి తన్ని నాబ్ దగ్గరే అంటుకుంటుంది. మీరు చూసింది అదే. ఆ మంట పక్కనే నాబ్ వాల్వులు ఉంటాయి, గ్యాస్ పైపు ఉంటుంది, ఇంకాసేపు అలాగే వదిలేసుంటే పైపు కరిగి ఉండేదేమో.

శుభ్రం చెయ్యడం మీవారు చెయ్యొచ్చు, పెద్ద విద్యేం కాదు. ముందు గ్యాస్ బండ (సిలిండరు) దగ్గర రెగ్యులేటర్ ఆఫ్ చేసి, రెగ్యులేటర్‌ని బండ మీంచి ఊడదీసి, బండకి దాని ప్లాస్టిక్ మూత పెట్టెయ్యాలి. గ్రిల్ పూర్తిగా చల్లారి ఉండాలి. జాలీలు తీసి, వాటి కింద బర్నర్ మీద వాలుగా ఉండే రేకులు తీస్తే బర్నర్ గొట్టాలు కనిపిస్తాయి, ఒక్కోటి ఒక స్క్రూతోనో పిన్నుతోనో బిగించి ఉంటుంది. తీసేముందు ఫోన్లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి, బిగించేటప్పుడు ఏది ఎటు అని ఇద్దరూ వాదించుకోకుండా.

గొట్టం చేతికొచ్చాక జెట్ వైపు ఉండే నోట్లోకి ఫోన్ లైటు వేసి చూడండి. తెల్లగా దూది పింజలా ఉందంటే సాలీడు, ఎర్రమట్టి గడ్డలా ఉందంటే కందిరీగ. సీసాలు కడిగే పొడుగాటి బ్రష్ ఉంటే అది చాలు, లేకపోతే మెత్తటి బైండింగు వైరు కొసని చిన్న కొక్కెంలా వంచి నెమ్మదిగా లోపలికి పంపి తిప్పి లాగండి, ఒక్కోసారి గూడు మొత్తం ఉండలా బయటికొస్తుంది, లోపల పిల్ల సాలీళ్ళు కూడా ఉంటాయి, అరవకండి. గొట్టాన్ని తలకిందులు చేసి నేలకి రెండు తట్లు తట్టి మళ్ళీ లైటు వేస్తే అవతలి కొస వరకు కనిపించాలి. సబ్బునీళ్ళతో కడగాలనిపిస్తే కడగండి, కాకపోతే ఎండలో పూర్తిగా ఆరాకే పెట్టాలి.

పైన హోల్స్ మూసుకుపోయుంటే సన్నటి పిన్నీసుతో ఒక్కోటీ తెరవండి, పుల్ల పెట్టొద్దు, లోపల విరిగి ఉండిపోతుంది. తుప్పు తినేసి రెండు హోల్స్ కలిసి ఒకటైపోయి ఉంటే ఆ బర్నర్ మార్చేయాల్సిందే. జెట్ జోలికి మాత్రం పిన్నుతో వెళ్ళకండి, ఆ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాస్ ఎక్కువ వచ్చేస్తుంది. స్టవ్ రిపేరు వాళ్ళు పొడుస్తారుగా అంటారేమో, వాళ్ళ దగ్గర దానికి సరిపోయే పిన్ను ఉంటుంది, వాళ్ళ చెయ్యి వేరు.

తిరిగి పెట్టేటప్పుడు చాలామంది తప్పేది ఒక్కచోటే. గొట్టం నోరు జెట్ మీదికి తొడుక్కోవాలి, జెట్ కొస గొట్టం లోపలికి కనిపించాలి. పక్కకి జారి కూర్చుంటే గ్యాస్ అంతా బయటే పోతుంది. వంగి కంటితో చూసి నిర్ధారణ చేసుకున్నాకే రెగ్యులేటర్ తగిలించండి. గ్రిల్ మూత తెరిచే వెలిగించాలి, ఎప్పుడైనా సరే. నాలుగైదు సెకన్లలో అంటుకోకపోతే ఆఫ్ చేసి, మూత తెరిచే ఉంచి, ఒక అయిదు నిమిషాలాగి మళ్ళీ ప్రయత్నించండి, అంతేగానీ టిక్ టిక్ టిక్ అని నొక్కుతూనే ఉండొద్దు.

ప్రశ్న: అన్నా, మేం నలుగురు ఫ్రెండ్స్‌ కలిసి సెకండ్ హ్యాండ్‌లో గ్రిల్ కొన్నాం. జాలీ మొత్తం నల్లగా గట్టిగా పేరుకుపోయింది. మావోడొకడు బాత్రూమ్ యాసిడ్ పోస్తే దెబ్బకి పోద్ది అంటన్నాడు. పొయ్యమంటావా?
(బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: పొయ్యొద్దు తమ్ముడూ. మన ఊళ్ళలో యాసిడ్ సర్వరోగ నివారిణి అయిపోయింది, టైల్స్‌కి అదే, సింకుకి అదే. స్టీలు జాలీ మీద ఆ యాసిడ్ పడితే మొదట మెరుస్తుంది, తర్వాత చిన్న చిన్న గుంతలు పడి అక్కణ్ణుంచే తుప్పు మొదలవుతుంది. పోతపోసిన ఇనుప జాలీ అయితే ఇక చెప్పక్కర్లేదు. పైగా యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ కూడా వేసేవాళ్ళున్నారు, ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులు పాడైపోతాయి. కాస్టిక్ సోడా కూడా వద్దు, చాలా గ్రిల్స్‌లో లోపలి డబ్బా అల్యూమినియంది, కాస్టిక్ దాన్ని తినేస్తుంది.

ముందు మీ జాలీ ఏ రకమో చూసుకో. అట్ల పెనంలా బరువుగా గరుకుగా ఉంటే పోత ఇనుము, తేలిగ్గా తెల్లగా ఉంటే స్టీలు, నున్నగా నల్లగా గాజు పూతలా ఉంటే ఎనామిల్. ఎనామిల్‌ది గీరొద్దు, పూత లేచిపోతే అక్కడ తుప్పు పడుతుంది, పెచ్చులు తిండిలో పడతాయి.

మూడింటికీ పనికొచ్చే పని ఒకటుంది. గ్రిల్ వెలిగించి మూత వేసి ఫుల్ మంట మీద పది పదిహేను నిమిషాలు ఉంచు, అక్కడే నిలబడి ఉండాలి, వదిలేసి కిందికి వెళ్ళొద్దు. కానీ మీది సెకండ్ హ్యాండ్‌ది కాబట్టి దానికంటే ముందే జిడ్డు ట్రే, డబ్బా అడుగు గీకేసి ఉండాలి, లేకపోతే ఆ పాత నెయ్యీ నూనే అంతా అంటుకుంటుంది. పేరుకున్నది బూడిదలా మారాక మంట ఆపి, జాలీ ఇంకా వేడిగా ఉండగానే సగానికి కోసిన ఉల్లిపాయని పొడుగాటి ఫోర్కుకి గుచ్చి ఊచల వెంట రుద్దు. మీ అమ్మ అట్లు పోసేముందు పెనం మీద చేసేదే ఇది, ఆవిడ్ని అడిగితే నాకంటే బాగా చెబుతుంది. బాగా మొండిగా ఉన్న చోట చల్లారాక వంటసోడా నీళ్ళతో ముద్దలా కలిపి పూసి ఒక రాత్రి వదిలేసి పొద్దున కొబ్బరిపీచుతో తోము. పోత ఇనుముదైతే కడిగిన వెంటనే గుడ్డతో తుడిచి పల్చగా నూనె రాయాలి, తడి మీద వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రగా తుప్పు కనిపిస్తుంది. చింతపండు వాడమని ఎవరైనా చెబితే అది ఇత్తడి బిందెలకి చెప్పమను.

ఇంకో మాట, ఇనుప తీగల బ్రష్ మీద నాకు సదభిప్రాయం లేదు. ఆ తీగ ఒకటి ఊడి జాలీకి అతుక్కుని, అక్కణ్ణుంచి చికెన్ ముక్కలోకి, అక్కణ్ణుంచి గొంతులోకి పోయిన కేసులు అమెరికాలో 2002 నుంచి 2014 లోపు 1,600 పైనే ఆసుపత్రి ఎమర్జెన్సీలకి వచ్చాయని లెక్కగట్టారు. నాలుక మీద, గొంతులో, కొందరికి పేగుల్లో గుచ్చుకుంది. నీ దగ్గర ఆ బ్రష్ ఉంటే పారేయ్. ఉంచుకుని తీరతానంటే తోమాక తడి గుడ్డతో ఊచలు ఒక్కోటీ తుడిచి, వేలితో కాదు, కంటితో చూసి, అప్పుడు ముక్కలు పెట్టు.

ప్రశ్న: సార్, మాది ఆటోనగర్. ఇంటి బండతో గ్రిల్ వెలిగిస్తే మంట చాలట్లేదని మా మెకానిక్ ఒకతను హోటల్ భట్టీలకి వాడే తిప్పే రెగ్యులేటర్ తెచ్చి బిగించాడు. ఇప్పుడు మంట అదిరిపోతోంది. దీంతో ప్రాబ్లం ఏమైనా ఉంటుందా? ఇంకోటి, చివర్లో గ్యాస్ తగ్గినప్పుడు బండని పక్కకి పడుకోబెడితే ఇంకో అరగంట వస్తోంది, అది ఓకేనా?

జవాబు: రెండూ ఈరోజే ఆపేయండి, ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా కూడా ఆగొద్దని ఫోన్ చేసి కూడా చెప్పాం.

ఇంటి రెగ్యులేటర్ బండలోని ప్రెజర్‌ని దాదాపు 30 మిల్లీబార్‌కి దించి పంపిస్తుంది. ఇక్కడ అమ్మే ఇంటి గ్రిల్ వాల్వులు, జెట్లు, పైపు అన్నీ ఆ 30 లెక్కన చేసినవే. భట్టీ రెగ్యులేటర్ దానికి ఎన్నో రెట్లు ఇస్తుంది, అది ఆ లావు ఇనప భట్టీకి, దాని పైపుకి సరిపోతుంది, మీ గ్రిల్‌కి కాదు. నాబ్ వాల్వు లోపల గ్రీజు సీలు ఉంటుంది, అది ఇంత ప్రెజర్‌కి ఆగదు, కొన్నాళ్ళకి నాబ్ ఆఫ్ చేసినా సన్నగా లీకవుతూనే ఉంటుంది. మంట అదిరిపోతోంది అన్నారు కదా, ఆ అదరడంలో కొంత బర్నర్ మీంచి ఎగిరి గాల్లో మండుతూ ఉంటుంది, గాలి కొడితే ఆరిపోతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది.

అసలు మంట ఎందుకు చాల్లేదో చూడండి. మూడు నాలుగు బర్నర్లు ఒకేసారి ఫుల్‌గా పెడితే, అందులోనూ 5 కేజీల చిన్న బండ అయితే, లోపల ద్రవం గ్యాస్‌గా మారడానికి కావలసిన వేడిని బండ గోడల్లోంచే లాక్కుంటుంది, బండ చల్లబడి చెమట పడుతుంది, ఒక్కోసారి కింద భాగం మీద తెల్లగా మంచులా కూడా పేరుకుంటుంది, ప్రెజర్ పడిపోతుంది, మంట తగ్గుతుంది. దానికి మందు 14.2 కేజీల బండ వాడటం, లేదా ఒక బర్నర్ ఆపడం. వేడినీళ్ళు పోయడం, వేడి తడిగుడ్డ చుట్టడం లాంటివి మీ మెకానిక్ ఇంకా చెప్పలేదు, చెబితే వినొద్దు. గొట్టాల్లో గూళ్ళున్నా మంట తగ్గుతుంది, పైన పటమట అమ్మగారికి చెప్పింది చదవండి.

ఇక పడుకోబెట్టడం. బండలో కింద ద్రవం, పైన గ్యాస్ ఉంటుంది, నిలబెట్టి వాడితే పైనున్న గ్యాస్ మాత్రమే రెగ్యులేటర్‌లోకి వెళ్తుంది. పడుకోబెడితే ద్రవమే పైపులోకి దిగుతుంది, ఆ ద్రవం బయటికొస్తే తనకంటే దాదాపు 250 రెట్లు గ్యాస్‌గా విచ్చుకుంటుంది. ఏదో ఒకరోజు బర్నర్ మీద మంట కాదు, నిలువెత్తు జ్వాల లేస్తుంది. అరగంట గ్యాస్ ఖరీదు ఎంతండీ మహా అయితే.

ప్రశ్న: మాది సింగ్ నగర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పుడు మా గ్రిల్, బండ రెండూ కింద వరండాలో నీళ్ళలో ఉన్నాయి. గ్రిల్ కడిగి పక్కన పెట్టాం, అప్పట్నుంచి వాడలేదు. ఇప్పుడు పిల్లలు అడుగుతున్నారు. వాడొచ్చా అండీ?

జవాబు: ఆ రోజుల్లో బండలు నీళ్ళలో తేలుకుంటూ పోవడం మీ వీధిలోనే చూసుంటారు. ఖాళీ బండ బరువే 15, 16 కేజీలుంటుంది, గ్యాసు 14.2, కలిపితే 30కి అటూ ఇటూ, బండ లోపల పట్టే నీళ్ళేమో 33 లీటర్లకి పైమాట, అందుకే నిండు బండ కూడా తేలుతుంది. తేలుతూ గోడలకి కొట్టుకున్న బండ ఇంకా మీ దగ్గరే ఉంటే దాన్ని వాడకుండా ఏజెన్సీకి ఇచ్చి మార్పించుకోండి.

గ్రిల్ విషయానికొస్తే ఇనుము, స్టీలు భాగాలు కడుక్కుంటే సరిపోతుంది. రెగ్యులేటర్ మాత్రం కొత్తది తీసుకోవాలి, ఇంకో ఆలోచన లేదు. దాంట్లో రబ్బరు పొర ఉంటుంది, దానికి గాలి ఆడటానికి చిన్న కన్నం ఉంటుంది, బురద నీళ్ళు ఆ కన్నంలోంచే లోపలికి పోతాయి, ఎండాక ఆ మట్టి పొరని సరిగ్గా కదలనివ్వదు, ప్రెజర్ ఎంత పంపిస్తుందో దానికే తెలీదు. బయట తుడిస్తే కొత్తదానిలా కనిపిస్తుంది, అదే మోసం. రబ్బరు పైపు కూడా మార్చేయండి. బర్నర్లు ఊడదీసి లోపల బురద పోయేలా కడిగి ఆరబెట్టండి. వాల్వుల్లోకి మట్టి పోయి నాబ్ గరగరలాడుతూ తిరుగుతుంటే స్టవ్ రిపేరు అతనితో తీయించి గ్రీజు పెట్టించాలి. టిక్కుమనిపించే మీట పనిచెయ్యకపోతే దాని గురించి దిగులొద్దు, పొడుగాటి లైటర్ వాడుకోవచ్చు.

ప్రశ్న: లీక్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? మా పక్కింటాయన అగ్గిపుల్ల గీసి పైపు వెంట తిప్పుతారు, "ముప్పై ఏళ్ళ నుంచి ఇదే, ఏం కాలేదు" అంటారు.
(లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: ఏదైనా అయ్యుంటే ఆయన చెప్పడానికి ఉండరు కదండీ.

గిన్నెలు తోమే సబ్బు కొంచెం నీళ్ళలో బాగా నురుగొచ్చేలా కలిపి, పాత పెయింటు బ్రష్‌తో రెగ్యులేటర్ చుట్టూ, పైపు రెండు కొసలా, పైపు పొడుగునా, నాబ్‌ల వెనక జాయింట్లకి పూయండి. గ్రిల్ నాబ్‌లన్నీ ఆఫ్‌లో ఉండి రెగ్యులేటర్ ఆన్‌లో ఉండాలి. ఎక్కడైనా బుడగ ఉబ్బుతూ పోతుంటే అక్కడ లీకు. రెగ్యులేటర్ ఆఫ్ చేసి, తీసి, బాగుచేయించేదాకా వాడకండి. రెగ్యులేటర్ కూర్చునే చోట, బండ వాల్వు లోపల చిన్న రబ్బరు వాషర్ ఉంటుంది, అది అరిగినా విరిగినా బుడగలొస్తాయి, బండ తెచ్చినతనికి చెబితే కొత్తది వేస్తాడు. గ్రిల్ చాన్నాళ్ళ తర్వాత తీసినప్పుడు, కొత్త బండ పెట్టిన ప్రతిసారీ ఇది చెయ్యాలి, రెండు నిమిషాల పని.

పైపు ఆరెంజ్ రంగు సురక్షా పైపే కొనండి, ఐఎస్ఐ గుర్తు చూసి. లోపల స్టీలు వైరు అల్లిక ఉంటుంది కాబట్టి ఎలక కొరికినా అంత తేలిగ్గా తెగదు. దాని ఆయుష్షు అయిదేళ్ళు. అది వంటింట్లో లెక్క, మన రోహిణి కార్తె ఎండలో మేడ మీద పడుంటే అంతకాలం ఆగుతుందని నేను పూచీ పడను, వంచి చూస్తే పగుళ్ళు కనిపించినా, కొసలు గట్టిపడి బిగుసుకుపోయినా మార్చేయండి. పైపు గ్రిల్ అడుక్కి, జిడ్డు ట్రేకి తగలకుండా చూసుకోండి.

వాసన గట్టిగా వస్తుంటే సబ్బునీళ్ళ దాకా కూడా వెళ్ళొద్దు, ఏ స్విచ్చీ వెయ్యకుండా తియ్యకుండా రెగ్యులేటర్ ఆపి జనాన్ని దూరంగా పంపి 1906కి ఫోన్ చేయండి, ఇరవై నాలుగు గంటలూ పనిచేసే గ్యాస్ ఎమర్జెన్సీ నంబరది. ఆ ఫోన్ కూడా దూరంగా వెళ్ళాకే.

ప్రశ్న: పోయిన వారం పండుగప్ప కాలుస్తుంటే కింద నూనె అంటుకుని పెద్ద మంట లేచింది. మా బావమరిది బకెట్టుతో నీళ్ళు పోశాడు. మంట ఇంకా ఎత్తుకి ఎగిసింది, కనురెప్పల వెంట్రుకలు కాలాయి. ఏం చేసుండాల్సింది?
(గుణదల)

జవాబు: బావమరిది వెంట్రుకలతో బయటపడ్డాడు, అదృష్టం. కాగుతున్న నూనెలో నీళ్ళు పడితే అవి కిందికి దిగి ఒక్కసారిగా ఆవిరై నూనెని మంటతో సహా పైకి చిమ్ముతాయి. తాలింపులో తడి కరివేపాకు వేస్తే ఏం జరుగుతుందో మీకు తెలుసు కదా, అదే బకెట్టు సైజులో.

మంట లేస్తే నాబ్‌లు ఆపండి, చెయ్యి పెట్టగలిగితే బండ దగ్గర రెగ్యులేటర్ ఆపండి, చిన్న మంటైతే మూత వేసేయండి, లేదా దోసిళ్ళ కొద్దీ ఉప్పో వంటసోడానో పొడి ఇసుకో గుమ్మరించండి. మైదా, శనగపిండి వెయ్యొద్దు, అవి కూడా మండుతాయి. మంట పైపు వైపు, బండ వైపు పోతోందంటే అన్నీ వదిలేసి దిగిపోయి 101కి కొట్టండి. పొడి మందు ఉండే చిన్న అగ్నిమాపక సిలిండరు ఒకటి మెట్ల గుమ్మం దగ్గర పెట్టుకుంటే మంచిది, గ్రిల్ పక్కన కాదు, మంట దాటి వెళ్ళి తెచ్చుకోలేం కదా.

అయితే అసలు కథ ట్రేలో ఉంది. మనవాళ్ళు ముక్కలకి పట్టించే మసాలాలో కారం కంటే నూనే ఎక్కువ, పైనుంచి మళ్ళీ వెన్న పూస్తారు, అదంతా ఎక్కడికి పోతుందనుకున్నారు? ట్రే తీసి చూడండి, నల్లగా జిగటగా వేలెడు మందాన ఉంటుంది. వాడిన ప్రతిసారీ చల్లారాక ట్రే లాగి పాత అట్లకాడతో గీకి, న్యూస్‌పేపర్‌తో తుడిచి, ఆ పేపరు చెత్తబుట్టలో వేయండి, జిడ్డు సింకులో పొయ్యొద్దు, పైపు పూడుకుంటుంది. నెలకోసారి జాలీలూ వాలు రేకులూ తీసి డబ్బా లోపలి గోడలు కూడా గీకాలి, అక్కడ పొరలు పొరలుగా పెచ్చులు కడతాయి. కొంతమంది కడగడం బద్ధకమై డబ్బా అడుగంతా అల్యూమినియం ఫాయిల్ పరుస్తారు, అప్పుడు నూనె ట్రేలోకి జారకుండా బర్నర్ కిందే మడుగు కడుతుంది, గాలి కన్నాలు కూడా మూసుకుపోతాయి. ట్రే వరకే కావాలంటే ఫాయిల్ వేసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ నుంచి వచ్చేస్తూ సామానుతో పాటు వాళ్ళ గ్రిల్ కూడా తెచ్చాడు. దాని పైపు మన బండకి పట్టట్లేదు. పైపు కోసి మన రెగ్యులేటర్ పెట్టి క్లిప్పు బిగిస్తామంటున్నాడు షాపతను.
(తాడేపల్లి)

జవాబు: కోయించొద్దండీ. అక్కడి బండ నోరు, మరలు వేరు, మన బండ వాల్వు వేరు, అందుకే పట్టట్లేదు. అక్కడి గ్రిల్ ప్రొపేన్‌కి చేసింది, మన ఎల్పీజీలో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ కలిసి ఉంటాయి. ప్రెజర్లు మరీ అంత దూరంగా లేకపోయినా జెట్లు వాటివి వాటికే. ఆ కంపెనీకి ఇక్కడ డీలరుంటే మన గ్యాస్‌కి సరిపోయే జెట్లు, పైపు, రెగ్యులేటర్ సెట్టు ఉందేమో కనుక్కోండి, ఉంటే వాళ్ళతోనే వేయించుకోండి. లేకపోతే దాన్ని అల్లంత దూరం మోసుకొచ్చినందుకు బాధపడటం తప్ప చేసేదేం లేదు, బొగ్గు పోసి వాడేద్దాం అనే ఐడియా కూడా వద్దు, అది బొగ్గుకి చేసింది కాదు.

ప్రశ్న: బెంజ్ సర్కిల్ దగ్గర అపార్ట్‌మెంట్ మాది. టెర్రస్ మీద గ్రిల్ పెడితే అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోవట్లేదు, బాల్కనీలో అద్దాలు మూసుకుని వాడుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా?

జవాబు: మీ ఇంట్లోవాళ్ళకే ఇబ్బంది. మూసిన బాల్కనీలో గ్రిల్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు, తలనొప్పిగా మొదలై మత్తుగా పడిపోతారు. అసోసియేషన్‌తో మాట్లాడుకోవడమే దారి, వాళ్ళ భయంలో కూడా న్యాయం ఉంది. ఎల్పీజీ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, లీకైతే పైకి పోదు, నేల మీద పాకుతూ పిట్టగోడ మూలల్లో, వాననీళ్ళ గొట్టాల్లో, మెట్లదారిలో, లిఫ్టు గుంటలోకి దిగుతుంది. అందుకని మెట్ల గుమ్మానికీ లిఫ్టు గదికీ నీళ్ళు పోయే కన్నాలకీ దూరంగా, గోడకి, బట్టలారేసే తీగలకి, వాటర్ ట్యాంకు ప్లాస్టిక్ పైపులకి కనీసం పదడుగులు ఎడంగా పెట్టుకుంటామని, షెడ్డు కింద పెట్టబోమని, వాడాక బండ ఊడదీసి మూత పెడతామని రాసివ్వండి. చాలామంది ఒప్పుకుంటారు, ముఖ్యంగా సెక్రటరీ గారిని కూడా భోజనానికి పిలిస్తే.

ప్రశ్న: కవరు ఎప్పుడూ వేసే ఉంచాలా? బండ ఎండలో ఉంటే పేలుతుందా? బండ మీద డేటు ఎలా చూడాలి? మూడింటికీ కలిపి చెప్పండి.
(అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: కవరు వెయ్యండి, కాకపోతే గ్రిల్ పూర్తిగా చల్లారి పొడిగా ఉన్నాకే. తడి మీద కప్పితే లోపల ఆవిరి పట్టి బయట వదిలేసినదానికంటే ముందు తుప్పు పడుతుంది. వానాకాలంలో ఎండ కాసిన రోజు కవరు తీసి గాలాడనివ్వండి.

బండ ఎండలో పెట్టినంత మాత్రాన పేలిపోదు, కానీ 45 డిగ్రీల ఎండలో, కింద సిమెంటు సెగలో రోజంతా నిలబెట్టడం ఏ రకంగానూ మంచిది కాదు, లోపల ప్రెజర్ పెరుగుతుంది, వాషర్లూ పైపూ దెబ్బతింటాయి. నీడలో, గాలి తగిలేచోట, నిలబెట్టి ఉంచండి, గ్రిల్ కింద అరలో వద్దు.

డేటు బండ మెడ దగ్గర పట్టీ లోపలి వైపు ఉంటుంది, ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండంకెలు. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబర్, డి అంటే మిగతా మూడు నెలలు, అంకెలు సంవత్సరం. సి 27 అని ఉందంటే 2027 సెప్టెంబర్ లోపు ఆ బండకి మళ్ళీ టెస్టు చెయ్యాలని. ఆ గడువు దాటిన బండ తెస్తే తీసుకోకుండా అతనితోనే వెనక్కి పంపించేయండి, డబ్బులిచ్చే ముందే చూసుకోవాలి.